రెండు డోసుల మధ్య ఎన్ని వారాల ఎడం మేలు?

కోవిడ్ టీకా రెండో డోసు త్వరగా పడితే యాంటీబాడీలు ఎక్కువా, ఆలస్యంగా పడితే ఎక్కువా? ఈ ప్రశ్న నన్ను ఇప్పటికీ చాలామంది అడుగుతున్నారు. యాంటీబాడీల లెక్క ఒక్కటే చూస్తే ఆలస్యానిదే పైచేయి. నా మొగ్గు మాత్రం మధ్యలో ఉన్న ఎనిమిది వారాల వైపు.

ఫైజర్‌కు 21 రోజులు, మోడెర్నాకు 28 రోజులు అన్న గడువులు మహమ్మారి వేళ రక్షణ త్వరగా అందాలని ఎంచుకున్నవి. శరీరానికి అవే అన్నిటికన్నా మంచివని తేల్చి పెట్టినవి కావు. 2020 డిసెంబరు చివర్లో బ్రిటన్ ఈ ఎడాన్ని 12 వారాలకు పెంచినప్పుడు విమర్శలు వెల్లువెత్తాయి. తర్వాత వచ్చిన ఫలితాలు ఆ నిర్ణయానికి బలమిచ్చాయి. ఎనభై దాటినవారిలో ఫైజర్ రెండో డోసును 12 వారాలకు తీసుకున్నవారి యాంటీబాడీలు, మూడు వారాలకు తీసుకున్నవారికంటే దాదాపు మూడున్నర రెట్లు పెరిగాయి. ఆస్ట్రాజెనెకా (మన దగ్గర కోవిషీల్డ్) టీకా పరీక్షల్లో ఆరు వారాలలోపు రెండో డోసు పడినవారికి రక్షణ 55 శాతం ఉంటే, 12 వారాలు, ఆపైన ఆగినవారికి 81 శాతం.

దీనికి మూలం లింఫ్ గ్రంథుల్లో ఉంది. మొదటి డోసు తర్వాత, యాంటీబాడీలను తయారుచేసే బి కణాలు అక్కడ వారాల తరబడి సానబడుతూ ఉంటాయి. వైరస్‌ను గట్టిగా పట్టుకునేవి మిగులుతాయి, పట్టు తక్కువున్నవి రాలిపోతాయి. ఆ పని సగంలో ఉండగా రెండో డోసు వేస్తే స్పందించే జ్ఞాపక కణాలు ఇంకా పరిణతి చెంది ఉండవు. ఆగి వేస్తే వాటి సంఖ్యా, నాణ్యతా రెండూ మెరుగ్గా ఉంటాయి. వైరస్ సోకిన కణాలను చంపే టి కణాల లెక్క కొంత వేరు. పైన చెప్పిన వృద్ధుల అధ్యయనంలోనే, రెండో డోసు తర్వాత వాటి స్పందన మూడు వారాల వారిలోనే ఎక్కువగా కనిపించింది.

మరి 12 వారాలే ఎందుకు మేలు కాదు? నా దృష్టిలో అసలు తేల్చేది ఇదే: ఆగే కాలంలో బయట ఏ వైరస్ తిరుగుతోంది? కోవిడ్ వైరస్ మారిన రూపమైన డెల్టా వచ్చినప్పుడు ఒక్క డోసుతో లక్షణాలున్న జబ్బు నుంచి దక్కిన రక్షణ సుమారు 33 శాతమేనని బ్రిటన్ లెక్కలు చెప్పాయి. రెండో డోసు తర్వాత అది ఫైజర్‌తో 88 శాతానికి, ఆస్ట్రాజెనెకాతో 60 శాతానికి చేరింది. రేపు వచ్చే మంచి యాంటీబాడీలు ఈ రోజు సోకే వైరస్‌ను ఆపలేవు. 2021 మే 13న భారత్ కోవిషీల్డ్ ఎడాన్ని 12–16 వారాలకు పెంచితే, ఆ మర్నాడే బ్రిటన్ యాభై దాటినవారికి ఎనిమిది వారాలకు కుదించింది. డెల్టా విజృంభిస్తున్న ఆ రోజుల్లో నాకు బ్రిటన్ దారే సబబనిపించింది, ఇప్పటికీ అదే అనిపిస్తోంది. ఎనిమిది వారాలైతే కణాలకు సానబడే సమయం చాలావరకు దొరుకుతుంది, మనిషి నెలల తరబడి సగం రక్షణతో ఉండడు. ఫైజర్, మోడెర్నా వంటి ఎంఆర్ఎన్ఏ టీకాల తర్వాత యువకుల్లో అరుదుగా కనిపించిన గుండె కండరాల వాపు కూడా ఎడం పెరిగితే తగ్గింది. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు మాత్రం ఎనిమిది వారాలు కూడా ఆగకూడదు, వారికి తక్కువ ఎడమే తగినది.

టీకాలు మార్చి వేయించుకోవడం సంగతి క్లుప్తంగా చెబుతాను. నాలుగు వారాల ఎడంతో ఆస్ట్రాజెనెకా తర్వాత ఫైజర్ వేస్తే, రెండుసార్లూ ఆస్ట్రాజెనెకా వేసినప్పటికంటే యాంటీబాడీలు సుమారు తొమ్మిది రెట్లు వచ్చాయి. ముందే కోవిడ్ సోకినవారిలో మొదటి డోసే చాలావరకు రెండో డోసులా పనిచేస్తుంది.

ఇంకొక్క మాట. వేర్వేరు ల్యాబుల్లో చేయించిన యాంటీబాడీ పరీక్షల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చుకోకండి. పరీక్ష విధానాలు, కొలమానాలు ఒకటి కాకపోవచ్చు. ఇన్ని యాంటీబాడీలుంటే జబ్బు రాదని చెప్పగల ఖచ్చితమైన గీత కూడా లేదు.