13వ శతాబ్దపు స్పెయిన్ దుస్తుల కిట్టు కొనేవారు ఒక్క నిమిషం ఆగండి

మధ్యయుగపు స్పెయిన్ స్త్రీల దుస్తులను సొంతంగా కుట్టుకోవాలనుకునేవారి కోసం రాస్తున్నాను. "చారిత్రక ఆధారాలు చూసి చేతితో కత్తిరించినవి" అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్న కిట్టుకు 240 యూరోలు పోసి చేతులు కాల్చుకున్నాను.

నాకు కావలసింది మూడే మూడు: లోపల నార (లినెన్) బట్టతో కుట్టిన చొక్కాలాంటి కమీసా, దాని మీద పక్కన తాడుతో బిగించే పొడవాటి గౌను సాయా, అన్నిటికీ పైన చేతులు లేని పై గౌను పెలోటే. 13వ శతాబ్దపు స్పెయిన్ రాజు పదో అల్ఫోన్సో ఆస్థానంలో తయారైన మేరీమాత పాటల సంకలనం ‘కాంతిగాస్ దె సాంతా మరియా’ రాతప్రతుల బొమ్మల్లో ఇలాంటి దుస్తులు కనిపిస్తాయి. బొమ్మలకన్నా గట్టి ఆధారం స్పెయిన్‌లోని బుర్గోస్ నగరంలో ఉంది. 1244లో మరణించిన రాణి లెయొనోర్ సమాధిలో దొరికిన అసలు బట్టలను అక్కడి లాస్ వెల్గాస్ మఠంలోని మ్యూజియంలో ఉంచారు. పెలోటే చంకల కోత తుంటి దాకా దిగుతుంది. ఛాతీ మీద సన్నని పట్టీ మాత్రం మిగులుతుంది. ఆ ఖాళీలోంచి లోపలి సాయా, దాని తాళ్లు కనిపించడమే ఆ వేషానికి అందం.

నాకు వచ్చిన పెలోటే చంకలు మన సల్వార్ కమీజు చంకలంతే ఉన్నాయి! సాయాకు తాడు దూర్చే చోట బూట్లకు ఉండేలాంటి లోహపు రింగులు కొట్టారు. అవి 19వ శతాబ్దపు సరుకు. ఆ రోజుల్లో కన్నం చుట్టూ దారంతో కాజా కుట్టేవారు. అడగకుండానే పంపిన లంగాలో ప్లాస్టిక్ వలయాలున్నాయి. వలయాల లంగా, అంటే వెర్దుగాదో, స్పెయిన్‌లో మొదలైంది 15వ శతాబ్దపు చివరి భాగంలో. పైగా అప్పటి చిత్రాల్లో ఆ వలయాలు బట్ట పైనే కనిపిస్తాయి, లోపల కాదు. రెండు వందల ఏళ్ల తేడాను ఒకే పెట్టెలో పెట్టి పంపారన్నమాట.

వాటిని విప్పి మళ్లీ కుట్టుకోవచ్చని సరిపెట్టుకున్నాను. బట్ట దగ్గరే ఓపిక పోయింది. పట్టుచీర కొనేటప్పుడు మా అమ్మ పోగు లాగి కాల్చి చూసేది. అలాగే "స్వచ్ఛమైన నార" పోగుకు అగ్గిపుల్ల చూపించాను. నార అయితే కాగితంలా మండి మెత్తని బూడిద అవుతుంది. ఇది కరిగి, నల్లని గట్టి పూసలా ముడుచుకుపోయింది.

ఫిర్యాదు చేస్తే, కత్తిరించిన బట్టను వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు. కత్తిరించింది వాళ్లే కదా అంటే జవాబు లేదు. కార్డు ఇచ్చిన బ్యాంకుకు రాశాను, ఇంకా తేలలేదు.

మీరు కొనాలనుకుంటే ముందు చేతిలో పట్టేంత బట్ట ముక్క తెప్పించుకుని కాల్చి చూడండి. ఏ బొమ్మను, ఏ మ్యూజియం వస్త్రాన్ని చూసి కోశారో అడగండి. "మధ్యయుగపు శైలి" అని మాత్రమే చెబితే డబ్బు కట్టకండి. చంక కోత ఎన్ని సెంటీమీటర్లో, కుట్టు లోపలి వైపు ఎలా ఉందో ఫొటో తీసి పంపమనండి. నేను ఈ చివరిది ఒక్కటి అడిగినా బయటపడేదాన్ని. ఆ కమీసా గుడ్డను కనీసం ఇస్త్రీ బల్ల మీద పరుచుకుందామన్నా కరిగి అంటుకుంటుందేమోనని భయం.