బ్యాగులో పెట్టినా నిద్ర లెక్కేసే బ్యాండ్: రెండేళ్లు దాటాక నా మాట

అడుగుల లెక్క, బ్యాటరీ, తెర వెలుతురు గురించి ఇప్పటికే అందరూ రాసేశారు. ఇన్నాళ్లు వాడాక ఈ ఫిట్‌నెస్ బ్యాండ్ మీద నాకున్న ఒళ్లుమంట ఒక్కటే. చేతికి లేనప్పుడు కూడా నేను నిద్రపోయానని రాసేసుకుంటుంది.

మొదట్లో చిన్నచిన్నవే. అంట్లు తోమేముందు తీసి గట్టు మీద పెడితే, కాసేపటికి యాప్‌లో ఒక కునుకు. నవ్వి ఊరుకున్నాను. తెనాలిలో మా పిన్ని కూతురి పెళ్లప్పుడు మాత్రం మరీ బరితెగించింది. ముహూర్తం అర్ధరాత్రి దాటాక. గాజుల పక్కన ఈ రబ్బరు పట్టీ ఏం బాగుంటుందని సాయంత్రమే తీసి, లాడ్జి గదిలో బ్యాగులో తువ్వాలు మడతల మధ్య పెట్టి మండపానికి వెళ్లిపోయాను. తెల్లారి తలంబ్రాల బియ్యం ఇంకా జుట్టులో ఉండగానే గదికొచ్చి ఫోన్ చూస్తే: నిద్ర 7 గంటల 12 నిమిషాలు, స్కోరు 88. గాఢనిద్ర, తేలిక నిద్ర, కలల నిద్ర అంటూ రంగురంగుల గీతలు. మధ్యలో ఒకసారి మెలకువ కూడా వచ్చిందట! కింద "ఈ వారంలో ఇదే మీ మంచి నిద్ర" అని మెచ్చుకోలు ఒకటి. పిన్నికి చూపిస్తే, "మరి రాత్రంతా నా పక్కన కూర్చుని చదివింపులు రాసింది ఎవరే?" అంది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "కాస్త బిగించి కట్టుకోండి మేడమ్" అన్నారు. తీసి పక్కన పెట్టినదాన్ని ఎక్కడ బిగించను?

సంగతేంటంటే, బ్యాండ్ వెనకున్న పచ్చ లైటును రక్తం బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా తిరిగొచ్చే వెలుగు కొంచెం తగ్గుతుంది, పెరుగుతుంది. నాడి లెక్క దాన్నుంచే వస్తుంది. తెల్లటి తువ్వాలు కూడా ఆ వెలుగును తిప్పికొడుతుంది. తిరిగొచ్చిన వెలుగులో కాస్త హెచ్చుతగ్గు కనిపిస్తే చాలు, బ్యాండ్ దాన్ని కూడా నాడి అనుకుని ఏదో ఒక అంకె చూపించేస్తుంది. 2018లో చైనాలో టాయిలెట్ పేపర్ చుట్టలకి బ్యాండ్లు తొడిగి, వాటికీ గుండె కొట్టుకుంటోందని జనం ఫొటోలు పెట్టింది ఇందుకే. నాడి ఉంది, కదలిక లేదు, పైగా రాత్రి వేళ. ఇంకేం, నిద్రే! ఆసుపత్రి నిద్ర పరీక్షలోనైతే తల మీద, కళ్ల పక్కన, గడ్డం కింద వైర్లు అతికించి మెదడు తరంగాలు, కళ్ల కదలికలు చూస్తారు. మణికట్టు మీది బ్యాండ్‌కి అవేవీ అందవు. కట్టుకుని పడుకున్నా అది చెప్పేది అంచనాయే.

అంచనా తప్పినందుకు కాదు నా కోపం. "చేతికి లేదు" అని ఖాళీ వదిలేస్తే దాని సొమ్మేం పోయింది? పోనీ మనమే తీసేద్దామంటే, నా యాప్‌లో నిద్ర మొదలైన టైము, ముగిసిన టైము మార్చుకోవచ్చు గానీ మొత్తం చెరిపే వీలు లేదు. దాంతో నెల సగటు పాడైంది. నాది నైట్ షిఫ్ట్. పగలు ముక్కలు ముక్కలుగా పడుకుంటాను. డాక్టర్‌కి చూపిద్దామనే ఆ లెక్క దాచుకున్నాను, ఇప్పుడు అందులో ఏ కునుకు నాదో, ఏది తువ్వాలుదో తెలియదు.

కొన్న కొత్తలో దీని నిద్ర గ్రాఫును ఆఫీసులో అందరికీ చూపించేదాన్ని. కట్టుకుని పడుకుంటే పడుకున్న, లేచిన టైములు ఇప్పటికీ దాదాపు సరిగ్గానే చెబుతుంది. గాఢనిద్ర నిమిషాలు మాత్రం చూడటం మానేశాను. బ్యాటరీ ఇంకా బాగానే వస్తోంది, కాకపోతే కొన్నప్పటంత కాదు. తీసినప్పుడల్లా స్విచ్ఛాఫ్ చేస్తే ఈ గొడవ ఉండదు, నిజమే. కానీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి నాలుగుచోట్ల నొక్కాలి, తడి చేతులతో అదెవరు చేస్తారు?

రాత్రిపూట పడుకుని, స్నానానికి తప్ప బ్యాండ్ తీయనివాళ్లకి ఇది పెద్ద లోపం అనిపించకపోవచ్చు. మా ఆయనా అలాగే వాడతాడు, ఏ ఫిర్యాదూ లేదు. అడుగుల కోసమైతే ఈ ధరకి పర్వాలేదు. నిద్ర లెక్క కోసమే కొంటుంటే మాత్రం, షాపులోనే తెల్ల కర్చీఫ్‌ను చుట్టలా చుట్టి, దానికి బ్యాండ్ తొడిగి కాసేపు చూడండి. నాడి చూపించిందా, ఇంకో మోడల్ అడగండి.