షటర్ కౌంట్ తక్కువ ఉందని సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ కొనేయకండి

మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి. కొత్తగా పెళ్ళి వీడియోలు మొదలుపెట్టే కుర్రాళ్ళు ఈ రోజుల్లోనే సెకండ్ హ్యాండ్ కెమెరాల కోసం తిరుగుతుంటారు. పోయినేడాది నేనూ అలాగే తిరిగి, 18-135 లెన్స్‌తో కలిపి 42 వేలకు కెనాన్ 80డి కొని దెబ్బతిన్నాను. నాకు జరిగింది తెలిస్తే మీలో ఒక్కరైనా డబ్బు చేతిలో పెట్టేముందు ఆగి చూసుకుంటారని రాస్తున్నాను.

అమ్మినాయన నాతో అబద్ధం చెప్పలేదు. కెమెరాను లాప్‌టాప్‌కి కలిపి నా కళ్ళ ముందే షటర్ కౌంట్, అంటే ఫొటో తీసేటప్పుడు తెరుచుకుని మూసుకునే షటర్ ఇప్పటిదాకా ఎన్నిసార్లు కొట్టుకుందో ఆ లెక్క, చూపించాడు. 11 వేల చిల్లర. ఈ మోడల్ షటర్‌కి కంపెనీ చెప్పే లెక్క లక్ష. ఇంకేం, కొత్తదానితో సమానం అనుకున్నాను. పగటిపూట నాలుగు ఫొటోలు తీసి చూస్తే శుభ్రంగా వచ్చాయి. వీడియోకి వాడారా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

దాంతో తీసిన మూడో పెళ్ళి రాత్రి ముహూర్తం. తలంబ్రాలు అయ్యాక పురోహితుడు దంపతుల్ని బయటికి తీసుకొచ్చి అరుంధతిని చూపిస్తున్నారు. పెళ్ళికొడుకు వేలెత్తి చూపిస్తుంటే, నేను వాళ్ళ ముఖాల మీద నుంచి కెమెరాను మెల్లగా ఆకాశం వైపు ఎత్తాను. అక్కడ కెమెరా స్క్రీన్ మీద తేడా ఏమీ కనబడలేదు. ఇంటికొచ్చి ఎడిటింగ్‌కి పెద్ద మానిటర్ మీద వేస్తే ఆకాశంలో ఎర్రది ఒకటి, నీలంవి రెండు, తెల్లటివి కొన్ని చుక్కలు. ముందు నక్షత్రాలే అనుకున్నాను. కెమెరా కదులుతున్నా అవి కదలడం లేదు. క్లిప్ వెనక్కి జరిపి చూస్తే అదే ఎర్ర చుక్క పెళ్ళికూతురి చెంప మీద, బుగ్గచుక్క పక్కనే ఉంది. ఒళ్ళు చల్లబడిపోయింది.

వీటిని హాట్ పిక్సెల్స్ అంటారు. వెలుతురు పడకపోయినా కొన్ని పిక్సెల్స్ వెలుగుతూనే ఉంటాయి. బొమ్మను పట్టే సెన్సార్ వేడెక్కే కొద్దీ, చీకట్లో బొమ్మ వెలుగు పెంచే ఐఎస్ఓ సెట్టింగ్ పెంచే కొద్దీ ఎక్కువ కనబడతాయి. నేను కొన్నరోజు ఎండలో తక్కువ ఐఎస్ఓలో తీశాను కాబట్టి బయటపడలేదు. పైగా రా (RAW, అంటే కెమెరా దాచే ముడి ఫైలు) ఫొటోలు లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఇలాంటి చుక్కల్ని అది మనకు చెప్పకుండానే తుడిచేస్తుంది. వీడియోకి ఆ సాయం లేదు.

మెకానిక్ దగ్గరికి తీసుకెళితే ఆయన ముందు కెమెరాను తిరగేసి అడుగు భాగం చూశాడు. ట్రైపాడ్ ప్లేట్ బిగించీ విప్పీ స్క్రూ బొక్క చుట్టూ నలుపంతా పోయి నున్నగా మెరుస్తోంది. తర్వాత హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి వేలితో కొంచెం కదిపాడు, టీవీలో బొమ్మ పోయింది. "ఇది మండపంలో ఎల్ఈడీ స్క్రీన్‌కి లైవ్ ఇచ్చిన కెమెరా బాబూ" అన్నాడు. రాత్రంతా వైరు లాగుతూ ఉంటే ఆ పోర్టు వదులైపోతుందట.

మరి 11 వేల కౌంట్ సంగతేమిటంటే, అది నిజమే. వీడియో తీసేటప్పుడు కెమెరా లోపలి అద్దం పైకి లేచి, షటర్ తెరుచుకుని, ఆపేదాకా అలాగే ఉండిపోతుంది. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున అరగంట తీస్తే 45 వేల ఫ్రేములు. అన్ని ఫ్రేములు తీసినా షటర్ అన్నిసార్లు కొట్టుకోదు కాబట్టి కౌంట్ పెద్దగా పెరగదు. అరిగేదీ వేడెక్కేదీ సెన్సార్, పోర్టులు, స్క్రీన్ మడత. వాటి లెక్క ఏ సాఫ్ట్‌వేరూ చూపించదు. ఫొటోలకు మాత్రమే వాడిన కెమెరాకి షటర్ కౌంట్ మంచి కొలతే, కాదనను. వీడియో కోసం కొనేవాళ్ళు దాన్ని నమ్ముకోకూడదు.

కొనేటప్పుడు ఒక గంట ఖాళీ పెట్టుకుని వెళ్ళండి. తొందరపెడితే వదిలేసి రండి. లెన్స్ క్యాప్ పెట్టి, ఐఎస్ఓ 3200లో 20 నిమిషాలు ఆపకుండా రికార్డ్ చేయండి. మొదటి నిమిషం కాదు, చివరి రెండు నిమిషాలు చూడండి, అదీ లాప్‌టాప్‌లో ఫుల్ స్క్రీన్ పెట్టి. ఒకటి రెండు చుక్కలుంటే భయం లేదు. సెన్సార్ క్లీనింగ్ మెనూలో మాన్యువల్ క్లీనింగ్ ఆన్ చేసి, బాడీ క్యాప్ పెట్టి ఒక నిమిషం ఉంచి ఆఫ్ చేస్తే కెనాన్‌లో చాలాసార్లు పోతాయి. చుక్కలు చల్లినట్టు కనబడితే మాత్రం ఆ కెమెరా జోలికి పోకండి. మైక్ పెట్టి, హెడ్‌ఫోన్స్‌లో వింటూ పిన్ను మెల్లగా తిప్పండి. గరగర వచ్చినా, ఒక పక్కే వినబడినా జాక్ పోయినట్టే. స్క్రీన్‌ని అన్ని వైపులా మడిచి తిప్పుతూ బొమ్మ ఆగి ఆగి వస్తోందేమో చూడండి. హెచ్‌డీఎంఐ కేబుల్ మీరే పట్టుకెళ్ళండి, అక్కడ టీవీ ఉంటే చాలు.

నా విషయానికొస్తే, అమ్మినాయనకు ఫోన్ చేస్తే "కౌంట్ చూపించాను కదా" అన్నాడు, తర్వాత ఎత్తడం మానేశాడు. ఆ పెళ్ళివాళ్ళకి నేను మాట పడకూడదని ప్రీమియర్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో క్లిప్‌కీ ఒక్కో చుక్క మీద మాస్క్ వేసుకుంటూ నాలుగు రాత్రులు కూర్చున్నాను. పెళ్ళికూతురి చెంప మీదది పోయింది. అరుంధతి క్లిప్‌లో ఆకాశం సగం కోసేయాల్సి వచ్చింది. అల్లుడు నక్షత్రం చూపించే ఆ ఒక్క క్షణం సరిగ్గా ఇవ్వలేకపోయానని ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇంకొకటి. బేరం మాట్లాడేటప్పుడే "వీడియోకి ఎన్ని పెళ్ళిళ్ళకు వాడారు, లైవ్ ఇచ్చారా" అని వాట్సాప్‌లో అడగండి, జవాబు కూడా అక్కడే రాయించుకోండి. తేడా వస్తే వారంలో వెనక్కి తీసుకుంటానని కూడా అందులోనే రాయమనండి. నోటిమాటగా అయితే నాకూ చాలా చెప్పారు.