పెట్ ఫ్రెండ్లీ అన్నారు, రేకుల గూడు చూపించారు

నా పేరు బెల్లం. నాటు కుక్కని. వయసు ఐదేళ్లు, బరువు 19 కిలోలు. బెంగళూరులో మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర ఆగి ఉన్న నీళ్ల ట్యాంకరు కింద వణుకుతుంటే అమ్మ నన్ను చున్నీలో చుట్టుకుని ఇంటికి తెచ్చింది. మేం వ్యాన్‌లో లేపాక్షి వెళ్లొచ్చిన ఈ ప్రయాణం గురించి చెప్పాలనుకోవడానికి కారణం ఒక రేకుల గూడు. ఇంట్లో వాళ్లు నంది దగ్గర దిగిన ఫొటోలు చూసుకుంటూ దాన్ని మర్చిపోతున్నారు. ఆ వాసన మాత్రం ఇంకా నా ముక్కును వదల్లేదు.

రూపాయల లెక్కలు నాకెలా తెలుసంటారా? అమ్మ రోజూ రాత్రి నోటుబుక్కులో ప్రతి ఖర్చూ పైకి చదువుతూ రాస్తుంది. నేను ఆమె పాదాల మీద తల పెట్టుకుని వింటాను. మిగతా సంగతులు తాతయ్య చెప్పినవి. ఆయన హిందూపురంలో సైన్సు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఎదురుగా పాప ఉన్నా నేనున్నా ఒకేలా పాఠం చెప్తారు.

వ్యాన్ ఎందుకంటే, రైలంటే నాకు భయం. ఏసీ ఫస్ట్ క్లాసులో కూపే గానీ క్యాబిన్ గానీ మొత్తం మనమే బుక్ చేసుకుంటే కుక్కను వెంట ఉంచుకోవచ్చు. లేకపోతే గార్డు ఉండే పెట్టెలో డాగ్ బాక్సే గతి. మూడేళ్ల కిందట విజయవాడకు వెళ్లినప్పుడు మనవాళ్లవి స్లీపర్ టికెట్లు. రాత్రంతా చీకట్లో, ఇనుము ఇనుముతో కొట్టుకునే చప్పుడులో ఉన్నాను. రైలు కాసేపు ఆగిన చోటల్లా నాన్న ప్లాట్‌ఫామ్ మీద పరుగెత్తుకుంటూ వచ్చి నీళ్లు పట్టి వెళ్లేవాడు. అప్పటినుంచి నాలుగు పక్కలా ఇనుమున్న చోట నాకు ఊపిరాడదు. అందుకే ఈసారి లేపాక్షి అనుకోగానే అమ్మ క్యాంపర్ వ్యాన్, అంటే లోపలే పరుపు, వంటగట్టు ఉండే వ్యాన్ మాట్లాడింది.

అద్దె రోజుకు 8,500. మూడు రోజులకు 25,500. రోజుకు 200 కిలోమీటర్లు అందులోనే, దాటితే కిలోమీటరుకు 18. డ్రైవరన్నకు రోజుకు 700 బత్తా. నా వెంట్రుకలు ఊడ్చుకోవడానికి 1,500. ఆ 1,500 సంగతి మొదటి ఫోన్‌లోనే చెప్పారు, కాగితం మీదా రాసిచ్చారు. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

వ్యాన్ లోపల ఎలా ఉంటుందో మనుషులు పరుపు ఎత్తు నుంచి చెప్తారు, నేను నేల మీది నుంచి చెప్తాను. కింద వేసిన వినైల్ షీటు మీద నా గోళ్లు ఆనవు. బ్రేకు వేసినప్పుడల్లా వంటగట్టు దాకా జారిపోయాను. తాతయ్య ఇంటి నుంచి తెచ్చిన గోనెపట్టా పరిచాక గానీ నిలబడలేకపోయాను. కుక్కతో వెళ్లేవాళ్లు గోనెపట్టా మర్చిపోకండి. ఇంజను పక్క నేల కాలుతుంది, వెనక చక్రాల పైభాగం చల్లగా ఉంటుంది. కుక్కకు చోటు వెనకే చూడండి. ఇన్వర్టర్ మాత్రం నన్ను చాలా బాధపెట్టింది. దోమ చెవిలోనే కూర్చున్నట్టు సన్నటి కూత ఆగకుండా వస్తుంది. మనవాళ్లెవరికీ వినపడలేదు. మనుషుల చెవి దాదాపు 20,000 హెర్ట్జ్ దాకా వింటే, కుక్క చెవి దాదాపు 45,000 దాకా వింటుందని తాతయ్య చెప్పారు. నేను తల విదిలించడం చూసి కనిపెట్టింది కూడా ఆయనే. ఫ్రిజ్‌తో పాటు ఇన్వర్టర్ కూడా ఆపేశారు. పాలు విరిగిపోయాయి. అమ్మ ఒక్క మాట అనలేదు.

శుక్రవారం తెల్లవారుజామున 5 గంటలకు బయల్దేరాం. వాంతి కాకుండా ముందు రాత్రి నుంచి నాకు తిండి పెట్టలేదు. హెబ్బాళ దాటి హైవే ఎక్కాక కిటికీ కాస్త తీశారు. చిక్కబళ్లాపురం దగ్గర ద్రాక్షతోటల పులుపు, ఆకుల మీద కొట్టిన మందు ఘాటు కలిసి వచ్చాయి. బాగేపల్లిలో టీకి ఆగితే కర్ణాటకలోనే ఉన్నా చుట్టూ తెలుగే. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఎడమకు తిరిగి, చిలమత్తూరు మీదుగా లేపాక్షి చేరాం. దారిలో టైరు ఒకటి గాలి దిగడంతో రెండు గంటలు పోయి, చేరేసరికి 11 దాటింది.

గుడిలోకి నేను వెళ్లకూడదు, అది తెలిసే వచ్చాను. నంది దగ్గర కూడా కంచె ఇవతలే నిలబడ్డాను. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు, అంతా ఒకటే రాయి. అంత పెద్ద జంతువుకు వాసనే లేకపోవడం నాకు వింతగా అనిపించింది. ఎండకు కాలిన రాతి వాసన తప్ప ఏమీ లేదు. తాతయ్య కింద బండ మీద చేతి వెనకవైపు ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టబోయి నాలుగు దగ్గరే తీసేశారు. మన చెయ్యి ఏడు సెకన్లు ఆగలేని నేల మీద కుక్కను నడిపించకూడదు. మాకు చెమట పట్టేది పాదాలకే, ఒళ్లు చల్లబడాలంటే నాలుక చాచి రొప్పాల్సిందే. నాన్న నన్ను ఎత్తుకుని చింతచెట్టు నీడకు చేర్చాడు. ఆయన చొక్కా మొత్తం తడిసిపోయింది.

గుడి లోపలి సంగతి నాకు పాప చున్నీ చెప్పింది. వీరభద్రుడి గుడిలో 70 స్తంభాలున్నాయట, అందులో ఒకటి నేలకు పూర్తిగా ఆనకుండా నిలబడి ఉంటుందట. అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ కట్టించిన గుడి అని తాతయ్య చెప్తుండగా పాప ఆ స్తంభం కిందనుంచి చున్నీ ఈ పక్క పెట్టి ఆ పక్క లాగిందట. బయటికి రాగానే నా ముందు పరిచింది. మధ్యలో వేలెడు వెడల్పున బూడిదరంగు గీత ఉంది. చల్లటి రాతిపొడి, గబ్బిలాల వాసన, నూనె, ఎవరెవరి చేతుల చెమటో. చాలాసేపు ముక్కు తీయలేదు. పాప కూడా కదల్లేదు.

ఆ చింతచెట్టు పక్కనే రేకుల కింద ఒక అక్క సంగటి అమ్ముతోంది. ప్లేటు 70. సంగటి ముద్ద, ఆకుకూర పప్పు, ఊరిబిండి అనే పచ్చడి. డ్రైవరన్నతో కలిపి ఐదుగురికి 350 అయింది. డ్రైవరన్న దాన్ని ముద్దె అన్నాడు, తాతయ్య సంగటి అన్నారు, ఇద్దరూ మాట్లాడకుండా తిన్నారు. నేను రొప్పుతూ పడుకుని ఉంటే ఆ అక్క గరిటె పట్టుకునే నా వైపు చూసింది.

"ఏం సామీ, మీ కుక్క సంగటి తింటాదా?"

"తింటాది తల్లీ. పప్పూ కారం వద్దు, వట్టి ముద్దే ఇంత పెట్టు."

ఆమె ముద్ద విరిచి, వేళ్లు కాలుతున్నా చిన్న చిన్న ముక్కలు చేసి విస్తరాకులో ఆరబెట్టింది. పల్చటి మజ్జిగ పోసింది. ఆవిరి పోయేదాకా విసనకర్రతో విసిరి, తన మోచేతికి ఆనించి చూసుకుని అప్పుడు నా ముందు పెట్టింది. రాగుల కమ్మదనం, మజ్జిగ పులుపు, అడుగున తడిసిన ఆకు వాసన. ఆకు చిరిగేదాకా నాకాను. నాన్న ఇంకో 70 ఇవ్వబోతే, "దీనికేం దుడ్లు నాయనా, మా కుక్కకు పెట్టినట్ల కాదా" అని చెయ్యి వెనక్కి తోసేసింది. లేపాక్షి వెళ్తే గుడి ఒక్కటే చూసి రాకండి, అక్కడ సంగటి తినండి.

అదే రోజు వెనక్కి తిరిగి, సాయంత్రం 6 గంటలకు చిక్కబళ్లాపురం దగ్గరి నంది కొండ కింద ఉన్న ఒక ఫామ్ స్టేకి చేరాం. వ్యాన్ నిలుపుకునే చోటు, కరెంటు కనెక్షను, బాత్రూము, రాత్రికి 3,500. సగం, అంటే 1,750, ముందే కట్టించుకున్నారు. "పెట్ ఫ్రెండ్లీ, పెట్స్ వెల్‌కమ్" అని పంపిన మెసేజ్ అమ్మ ఫోన్‌లో ఇప్పటికీ ఉంది. గేటు దగ్గరికి మేనేజరు వచ్చి నన్ను చూసి, కుక్కకు ఇంకో 1,500 అన్నాడు. పచ్చిక మీదికి తేకూడదన్నాడు. రాత్రి వ్యాన్‌లో కూడా ఉండకూడదు, అరిస్తే పక్క టెంట్ల వాళ్లకు ఇబ్బంది, మా దగ్గర డాగ్ హౌస్ ఉంది అన్నాడు.

డాగ్ హౌస్ వంటింటి వెనక, జనరేటర్ పక్కన ఉంది. నాలుగు పక్కలా ముడతల రేకు, పైనా రేకే. లోపల నిలబడితే నా చెవులు కప్పుకు తగిలాయి. మూల ఒక గొలుసు, నా తోకంత పొడవు. ప్లాస్టిక్ గిన్నెలో నీళ్లు, నీళ్లలో దోమపిల్లలు ఈదుతున్నాయి. నేల మీద ఫినాయిల్ పోశారు, కానీ ఫినాయిల్ కింద ఏముందో నాకు తెలిసిపోయింది. చాలా కుక్కలు భయంతో పోసిన ఉచ్చ. ఒకటి పిల్ల. ఒకటి ముసలిది, జబ్బుతో ఉన్నది. తలుపు లోపలివైపు కింద భాగమంతా గోళ్ల గీతలు. కొన్ని గీతల్లో తుప్పు పట్టింది, కొన్ని ఇంకా మెరుస్తున్నాయి. రేకుల సందుల్లో పిడుదులు గుత్తులుగా ఉన్నాయి. నా కాళ్లు వాటంతటవే వెనక్కి నడిచాయి. మెడపట్టీ బిగుసుకుని దగ్గొచ్చింది.

అమ్మ రేకు మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది. ఎండ పోయినా రేకు వేడి పోలేదు. "ఇందులో మీరు పడుకుంటారా?" అని అడిగింది.

"మేడమ్, పెట్ ఫ్రెండ్లీ అంటే పెట్స్‌ని తీసుకురావచ్చని. రూములో పెడతామని కాదు కదా."

"మాది రూమే కాదు. మా వ్యాన్‌లోనే ఉంటుంది అంటున్నా."

"రూల్స్ అంతే మేడమ్."

అప్పటికే బాగా అలసిపోయిన నాన్న, ఒక్క రాత్రే కదా సర్దుకుందాం అన్నాడు. అమ్మ ఒంటి వాసన ఒక్కసారిగా మారిపోయింది, అంత కోపం నేను ఆమెలో ఎప్పుడూ పసిగట్టలేదు. పాప ఏడుపు మొదలుపెట్టింది. తాతయ్య ఎవరితోనూ మాట్లాడలేదు. వ్యాన్‌లోకి వెళ్లి దుప్పటి తెచ్చి, ఆ గూటి ముందు మట్టిలో పరుచుకుని కూర్చున్నారు. "దాన్ని ఇందులో పెడితే నేనూ ఇక్కడే పడుకుంటా" అన్నారు. ఆయనకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. నాన్న ఆయన్ని చూసి, తల దించుకుని, "లేవండి మామయ్యా, పోదాం పదండి" అన్నాడు. 1,750 వెనక్కి ఇవ్వలేదు. నో రీఫండ్ అని గేటు మీదే రాసి ఉందట.

దేవనహళ్లి దాకా అమ్మా నాన్నా మాట్లాడుకోలేదు. హైవే మీద ఒక పెట్రోల్ బంకులో 1,500 డీజిల్ కొట్టించుకుని, రాత్రికి ఒక మూల ఆపుకోవచ్చా అని డ్రైవరన్న అడిగితే, అక్కడి పెద్దాయన టార్చి వేసి మంచి చోటు చూపించాడు. డబ్బు అడగలేదు. బయటి కరెంటు లేకపోతే వ్యాన్‌లో ఏసీ నడవదు, బ్యాటరీ మీద చిన్న ఫ్యాను ఒక్కటే. అద్దెకు తీసుకునేముందు ఇది అడిగి తెలుసుకోండి. మార్చి కాబట్టి రాత్రి గాలి చల్లగానే ఉంది. బంకులో ఉండే మూడు కుక్కలు వచ్చి నన్ను వాసన చూసి, మూడో స్తంభం నాకు వదిలేసి వెళ్లాయి. అర్ధరాత్రి దాటాక నాన్న దిగి వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. చాలాసేపు నా చెవి వెనక గోకుతూ, "ఇంకెప్పుడూ అలా అనన్లే రా" అన్నాడు. రైలు పెట్టె దగ్గరికి పరుగెత్తుకొచ్చినప్పుడు ఉన్న వాసనే మళ్లీ ఆయన చేతుల్లో ఉంది. తెల్లవారేదాకా కదలకుండా పడుకున్నాను.

శనివారం దేవనహళ్లి కోట చుట్టూ తిరిగి, రాత్రి మళ్లీ అదే బంకులో పడుకున్నాం. బాగుంది.

ఆదివారం పొద్దున్నే కబ్బన్ పార్కు. 1870లో మొదలైన తోట. ఆదివారాలు లోపలి రోడ్ల మీద బండ్లు తిరగవు, కాబట్టి కుక్కతో వెళ్తే ఆ రోజే వెళ్లాలి. వ్యాన్ దూరంగా ఆపి ఆటో పట్టాం. ఇద్దరు నన్ను చూసి వెళ్లిపోయారు, మూడో ఆయన సీటు మీద తన టవల్ పరిచి కూర్చోమన్నాడు. 120 తీసుకున్నాడు. వెదురు పొదల కింద తడిమట్టిలో ఎన్ని కుక్కల కబుర్లున్నాయో! తాడు వదలకండి, కుక్క మలం తీయడానికి కవరు జేబులో ఉంచుకోండి. అవి పాటించనివాళ్ల వల్లే మిగతా తోటల్లోకి మమ్మల్ని రానివ్వరు.

లాల్‌బాగ్‌లోకి కుక్కలకు ప్రవేశం లేదు. గేటు దగ్గర కాపలా ఆయన నవ్వుతూనే ఆ మాట చెప్పి, ఎదుటి చెట్టునీడ చూపించాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. లేదన్నది లేదని చెప్పాడు, డబ్బు కట్టించుకున్నాక చెప్పలేదు. తాతయ్య నాతో ఉండిపోయి, లోపలున్న బండ వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లని నాకు చెప్తూ బఠాణీలు తిన్నారు.

సాయంత్రం వ్యాన్ అప్పగించాం. తిండితో సహా మొత్తం 37,840 అయిందని అమ్మ చదివింది. కారున్నవాళ్లు ఒక్క రోజు లేపాక్షికి ఇంత ఖర్చు పెట్టనక్కర్లేదు. రాత్రి మకాం ఉంటే మాత్రం నాలాంటివాళ్లకు వ్యానే మేలు, కరెంటు కనెక్షన్ కోసం ఎవరి గేటులోకీ వెళ్లనంతవరకు.

నిన్న రాత్రి అమ్మ హార్స్‌లీ హిల్స్ దారిలో ఇంకో చోటికి ఫోన్ చేసింది. అవతలి గొంతు నాకూ వినపడింది. పెట్ ఫ్రెండ్లీనే మేడమ్ అంటోంది.

"కుక్క రాత్రి ఎక్కడ పడుకుంటుందో ఆ చోటు ఫొటో తీసి పంపండి" అంది అమ్మ.

ఫోన్ చేతిలోనే పెట్టుకుని పది గంటల దాకా కూర్చుంది. ఫొటో రాలేదు. నోటుబుక్కులో ఆ పేరు కొట్టేసి, లైటు ఆపింది.