కృతజ్ఞతా, స్వీయ కరుణా: మనసుకు ఏది ఎప్పుడు ఆసరా?

కృతజ్ఞత చూపు బయటికి ఉంటుంది: ఎవరు నాకేం చేశారు, నాకేం దక్కింది. స్వీయ కరుణ చూపు లోపలికి: తడబడినప్పుడు నాతో నేను ఎలా మాట్లాడుకుంటున్నాను.

2003లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో ప్రచురించిన అధ్యయనంలో కొందరు 10 వారాలు, వారానికోసారి కృతజ్ఞత కలిగించిన విషయాలు రాశారు. చికాకులు రాసినవాళ్ల కంటే వీళ్లకే జీవితం మీద తృప్తి ఎక్కువ కనిపించింది. అయితే పొడిపొడిగా "అమ్మకు థాంక్స్" అని రాస్తే మనసు కదలదు. "జ్వరమొచ్చిన రాత్రి రెండింటికి లేచి నుదుటి మీద తడిగుడ్డ మార్చింది" అని రాసి చూడండి.

ఇంటర్వ్యూలో తెలిసిన జవాబే నోట రాలేదనుకోండి. రాత్రి కళ్లు మూస్తే అదే సీను. అప్పుడు "నీకున్నవి తలుచుకో" అంటే పుండు మీద కారం చల్లినట్టే. "ఇన్ని ఉండీ ఏడుస్తున్నానా" అని తప్పు చేసిన భావం తోడవుతుంది. ఇక్కడ పనికొచ్చేది స్వీయ కరుణ. మనస్తత్వ పరిశోధకురాలు క్రిస్టిన్ నెఫ్ దాన్ని మూడు భాగాలుగా వివరించారు: తనపట్ల దయ, తడబాటు మనుషులందరికీ ఉంటుందన్న ఎరుక, బాధను పెంచకుండా, అణచకుండా గమనించడం.

ఇది బద్ధకానికి సాకు అని చాలామంది భయం. కానీ 2012లో బ్రైన్స్, చెన్ అనే పరిశోధకుల ప్రయోగాల్లో, పరీక్షలో తప్పాక తమను దయగా చూసుకున్న విద్యార్థులే తర్వాతి పరీక్షకు ఎక్కువసేపు చదివారు.

తమను తాము తిట్టుకునే అలవాటున్నవాళ్లు ముందు స్వీయ కరుణతోనే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. కృతజ్ఞత డైరీ కొన్నాళ్లు ఆగినా ఫర్వాలేదు.