నాలుగు కంపెనీల సైట్లు, ఒక్కటే వర్డ్‌ప్రెస్: మల్టీసైట్‌తో నా అనుభవం

యజమాని ఒక్కడు, వ్యాపారాలు నాలుగు, సైట్లు చూసుకునేది మీరొక్కరే అయితే వర్డ్‌ప్రెస్ మల్టీసైట్ (వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌ను ఒక్కసారే ఎక్కించి, దాంతోనే పలు సైట్లు నడిపే పద్ధతి) నిశ్చింతగా పెట్టుకోండి. యజమానులు ఇద్దరుంటే మాత్రం పెట్టకండి. ఏళ్ల తరబడి వాడాక నాకు తేలింది ఇదే.

నేను నల్గొండలో ఒక సేటు దగ్గర కంప్యూటర్ పనులన్నీ చూస్తాను. మిర్యాలగూడలో రైస్ మిల్లు, నల్గొండ టౌన్‌లో ఫంక్షన్ హాలు, బత్తాయి కమీషన్ వ్యాపారం, తమ్ముడితో పొత్తులో విత్తనాల షాపు. నాలుగింటికీ నాలుగు డొమైన్లు. మొదట వేటికవే ఉండేవి. ప్లగిన్ (అదనపు పనుల కోసం సైటుకు తగిలించే ముక్క) అప్‌డేట్ వస్తే నాలుగు చోట్ల లాగిన్ కావాలి. సీజన్ దాటితే బత్తాయి సైటు మొహం చూసే దిక్కుండదు. అప్‌డేట్లు ఆగిపోయేది, చెత్త లింకులొచ్చి చేరేది దాంట్లోనే.

మల్టీసైట్ కొత్తదేమీ కాదు. అంతకుముందు వర్డ్‌ప్రెస్ ఎంయూ అని విడిగా ఉన్నదాన్ని 2010లో 3.0తో అసలు దాంట్లోనే కలిపేశారు. కాన్ఫిగ్ ఫైల్లో ఒక లైను రాస్తే టూల్స్ మెనూలో నెట్‌వర్క్ సెటప్ కనిపిస్తుంది. ఒకప్పుడు సైటుకో సొంత డొమైన్ తగిలించాలంటే వేరే ప్లగిన్ కావాల్సి వచ్చేది. 2016లో 4.5 వచ్చాక ఆ బాధ పోయింది. సైటు అడ్రస్ మార్చి, డీఎన్ఎస్ (డొమైన్ పేరు ఏ సర్వర్‌కు పోవాలో చెప్పేది) ఇటు తిప్పితే సరిపోతుంది. ఎస్ఎస్ఎల్ (సైటు భద్రతకు పెట్టే సర్టిఫికెట్) మాత్రం డొమైన్‌కొకటి చూసుకోవాలి.

సుఖం ఎక్కడంటే అప్‌డేట్లలో. ఒకసారి కొడితే నాలుగింటికీ అయిపోతుంది. థీమ్ (సైటు రూపురేఖలు) ఒక్కటే, దాని మీద కంపెనీకో చైల్డ్ థీమ్, అంటే ఆ కంపెనీకి కావాల్సిన మార్పులు మాత్రమే. ఒక్కో సైటు చూసే కింది అడ్మిన్లు కొత్త ప్లగిన్లు వేయలేరు. యూట్యూబ్‌లో చూసి కనిపించినదల్లా ఎక్కించే మేనేజర్లున్న చోట దీని విలువ తెలుస్తుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. నెట్‌వర్క్ అంతటికీ, అంటే నాలుగు సైట్లకూ కలిపి ఆన్ చేసిన ప్లగిన్ ఒకటి అప్‌డేట్‌లో బెడిసికొట్టి నాలుగు సైట్లూ ఒకేసారి తెల్లగా అయిపోయాయి. అది పెళ్లిళ్ల ముహూర్తాల కాలం. ఫైల్ మేనేజర్‌లో ఆ ప్లగిన్ ఫోల్డర్ పేరు మార్చగానే లేచాయనుకోండి. కానీ మిల్లు నుంచి, హాలు నుంచి, షాపు నుంచి ఫోన్లు మాత్రం ఒక్కసారే వచ్చాయి.

అన్నింటికన్నా విసిగించింది హాలు మ్యాప్. మేనేజర్ పిల్లగాడు గూగుల్ మ్యాప్స్ నుంచి ఎంబెడ్ కోడ్ తెచ్చి కాంటాక్ట్ పేజీలో పెడతాడు. "అన్నా, మంచిగనే కనవడ్తది, సేవ్ కొట్టినంక మాయమైతది" అని ఒకటే గోల. తప్పు అతనిది కాదు. మామూలు వర్డ్‌ప్రెస్‌లో అడ్మిన్‌కూ ఎడిటర్‌కూ ఐఫ్రేమ్ (వేరే సైటు పేజీని మన పేజీలో చూపే కోడ్), స్క్రిప్ట్ లాంటివి పెట్టే అధికారం ఉంటుంది. మల్టీసైట్‌లో అది సూపర్ అడ్మిన్ ఒక్కడికే, అంటే నెట్‌వర్క్ మొత్తం చూసుకునే నాకే. మిగతావాళ్లు సేవ్ చేస్తే ఆ కోడ్‌ను కోసేస్తుంది, ఒక్క ముక్క చెప్పదు. నేను పెట్టి ఇచ్చినా, ఫోన్ నంబర్ మారిందని అతను మళ్లీ ఆ పేజీ సేవ్ చేస్తే మ్యాప్ మళ్లీ గల్లంతు. చివరికి షార్ట్‌కోడ్‌తో (పేజీలో బ్రాకెట్ల మధ్య రాసే చిన్న గుర్తుతో) నడిచే మ్యాప్ ప్లగిన్ వేసి గండం దాటించాను.

ఫోటోలదీ అదే తంతు. నెట్‌వర్క్ సెట్టింగుల్లో అప్‌లోడ్ సైజు ముందునుంచీ 1500 కేబీ అని ఉంటుంది. ఫోన్‌లో తీసిన స్టేజీ డెకరేషన్ ఫోటో అందులో ఎక్కడ పడుతుంది? పెట్టిన రోజే పెంచుకోండి. సైటు అడ్మిన్ తన మనిషి పాస్‌వర్డ్ కూడా మార్చలేడు, దానికీ మనమే దిక్కు. పైగా డొమైన్లు వేరు కాబట్టి యూజర్ ఒక్కడే అయినా ప్రతి సైటుకూ మళ్లీ లాగిన్ కావాల్సిందే.

ఇక అసలు సంగతి. అన్నదమ్ములు వేరుపడ్డారు, విత్తనాల షాపు తమ్ముడికి పోయింది. "మా సైటు మాకియ్యండి" అన్నారు, న్యాయమే. కానీ డేటాబేస్ ఒక్కటే. షాపు టేబుళ్లు డబ్ల్యూపీ_4_ అనే ప్రిఫిక్స్‌తో (పేరు ముందు వచ్చే ముక్కతో) విడిగానే ఉన్నాయి గానీ, యూజర్ల టేబుళ్లు మాత్రం నాలుగు సైట్లకూ ఉమ్మడే. వాటిని ఉన్నదున్నట్టు ఇస్తే మిల్లు మనుషుల ఈమెయిళ్లు కూడా వాళ్ల చేతికి పోతాయి. ఎక్స్‌పోర్ట్ ఫైలుతో పని కానిద్దామంటే పేజీలు వస్తాయి, విడ్జెట్లూ సెట్టింగులూ రావు.

నేను చేసింది ఇది. కొత్త హోస్టింగ్‌లో కాన్ఫిగ్ ఫైల్లో టేబుల్ ప్రిఫిక్స్‌ను డబ్ల్యూపీ_4_ అనే పెట్టాను. అప్పుడు ఆ సైటు రోల్స్, అనుమతులు పేర్లు మార్చకుండానే పనిచేస్తాయి. యూజర్ల టేబుళ్లు రెండింటినీ (యూజర్లది ఒకటి, వాళ్ల వివరాలది ఒకటి) అదే ప్రిఫిక్స్‌తో కాపీ చేసి, షాపుతో సంబంధం లేనివాళ్లను ఏరేశాను. ఫోటోలు అప్‌లోడ్స్‌లో సైట్స్ అనే ఫోల్డర్ కింద 4లో ఉంటాయి. వాటిని అప్‌లోడ్స్‌లోకే తెచ్చి, పేజీల్లోని పాత దారులను డబ్ల్యూపీ-సీఎల్ఐ (కమాండ్లతో వర్డ్‌ప్రెస్ నడిపే సాధనం) సెర్చ్-రీప్లేస్‌తో మార్చాను. మామూలు ఎస్‌క్యూఎల్‌తో మార్చితే సీరియలైజ్ అయిన (అక్షరాల లెక్కతో సహా దాచిన) సెట్టింగులు పాడవుతాయి, ఆ జోలికి పోకండి. ఇదే ద్రూపల్ (వర్డ్‌ప్రెస్ లాంటి ఇంకో సాఫ్ట్‌వేర్) అయితే కోడ్ ఒక్కటే ఉన్నా మామూలుగా సైటుకో డేటాబేస్ ఉంటుంది. ఈ పంపకం సగం సులువయ్యేది.

మిగతా మూడూ ఇప్పటికీ మల్టీసైట్‌లోనే ఉన్నాయి, వాటితో పేచీ లేదు. సేటు ఇప్పుడు పెట్రోల్ బంకుకూ సైటు కావాలంటున్నాడు, అందులో భాగస్వాములు ముగ్గురు. దాన్ని విడి హోస్టింగ్‌లో విడి వర్డ్‌ప్రెస్‌గా పెట్టి, మెయిన్‌డబ్ల్యూపీ (విడివిడి వర్డ్‌ప్రెస్ సైట్లను ఒకచోటి నుంచి చూసుకునే సాధనం) డాష్‌బోర్డుకు కలుపుతున్నాను. అప్‌డేట్లు నా కుర్చీలోంచే కొట్టొచ్చు, డేటాబేస్ మాత్రం ఎవరిది వాళ్లకే ఉంటుంది.