వి-డెమ్ వెబ్‌సైట్ రివ్యూ: ప్రజాస్వామ్యం ఉంటే దేశం నిలకడగా ఉంటుందా అని వాదించుకునేవాళ్ళ కోసం

ఎన్నికలుంటే గొడవలెక్కువ, ఒక గట్టి నాయకుడు ఇరవై ముప్పై ఏళ్ళు కూర్చుంటేనే దేశం ప్రశాంతంగా ఉంటుంది అనే మాట ఈమధ్య బాగా చదువుకున్నవాళ్ళ నోటి నుంచి కూడా వింటున్నా, కాదు అనేవాళ్ళు కూడా ఆవేశంగా అంటారే గానీ చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. ఈ వాదన పెట్టుకునే ముందు ఎవరైనా కాసేపు కూర్చుని చూడాల్సిన సైట్ వి-డెమ్ (వెరైటీస్ ఆఫ్ డెమోక్రసీ), ఏ దేశంలో ఏ ఏడాది ప్రజాస్వామ్యం ఎంతుందో కొలిచి చూపిస్తుంది. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ యూనివర్సిటీ నుంచి నడుస్తుంది, పూర్తిగా ఫ్రీ, 1789 నుంచి ఇప్పటిదాకా దాదాపు అన్ని దేశాల డేటా ఉంది. నేను వాడింది ఈ ఒక్క ప్రశ్న కోసమే కాబట్టి రివ్యూ కూడా అంతవరకే.

ఇందులో నాకు నచ్చిన మొదటి విషయం, ఎన్నికలు జరిగాయా లేదా అని ఒక టిక్కు పెట్టి వదిలెయ్యరు. ఓటింగ్ ఎంత శుభ్రంగా జరిగింది, కోర్టు ప్రభుత్వానికి అడ్డం చెప్పగలుగుతోందా, పత్రికలు భయం లేకుండా రాస్తున్నాయా, ప్రభుత్వం మనుషుల్ని చిత్రహింసలు పెడుతోందా, ఇలా వందల ప్రశ్నలు వేటికవే ఉంటాయి. ఇలాంటి ఒక్కో ప్రశ్నకి ఆ దేశం గురించి తెలిసిన నిపుణులు, మామూలుగా ఐదుగురు, ఎవరికి వాళ్ళు మార్కులు వేస్తారు, వాటన్నిటినీ కలిపి 0 నుంచి 1 మధ్యలో ఒక స్కోరు తయారు చేస్తారు. నిపుణుల మధ్య తేడా ఎంతుందో కూడా గ్రాఫ్‌లో స్కోరు గీత చుట్టూ పట్టీలా చూపిస్తారు, దాన్ని ఆపేసి చూడకండి, అసలు నిజాయితీ అంతా ఆ పట్టీలోనే ఉంది.

ఇక దేశాల గ్రాఫ్ తెరిచి లిబియా, ఘనా పక్కపక్కన పెట్టండి. లిబియా నియంత గడాఫీ వచ్చింది 1969లో, పోయింది 2011లో, ఆ నలభై రెండేళ్ళూ లిబియా గీత అడుగున దాదాపు కదలకుండా ఉంటుంది. ఘనా గీత అలా కాదు, తిరుగుబాట్లు వచ్చినప్పుడల్లా పడుతూ లేస్తూ 1992 రాజ్యాంగం తర్వాత పైకెళ్తుంది. పైపైన చూస్తే లిబియానే స్థిరంగా ఉంది అనిపిస్తుంది. కానీ గడాఫీ పోయాక ఆ దేశంలో అధికారం ఎవరిది అని తేల్చడానికి తుపాకీ తప్ప వేరే దారి మిగల్లేదు, రెండు ప్రభుత్వాలు, అంతర్యుద్ధం. ఘనాలో 2008 ఎన్నిక 50.23 శాతం, 49.77 శాతం దగ్గర తేలింది, అంటే అర శాతం కూడా తేడా లేదు, అయినా అధికారంలో ఉన్న పార్టీ దిగిపోయింది. 2012 ఫలితం మీద గొడవ సుప్రీంకోర్టుకి వెళ్ళింది, తీర్పు నచ్చకపోయినా ఓడినాయన ఒప్పుకున్నాడు, తర్వాత 2016లో ఆయనే గెలిచాడు. నా దృష్టిలో నిలకడ అంటే ఇదీ, ఓడినవాడు ప్రాణభయం లేకుండా ఇంటికెళ్ళి మళ్ళీ ఐదో పదో ఏళ్ళకి పోటీ చెయ్యగలగడం. అదే కుర్చీలో అదే మనిషి ఉండటం కాదు.

ప్రభుత్వం పడిపోవడం వేరు, సమాజం పడిపోవడం వేరు, ఈ రెండూ జనం తెగ కలిపేస్తారు. బెల్జియంలో 2010 ఎన్నికల తర్వాత 541 రోజులు పూర్తిస్థాయి ప్రభుత్వమే ఏర్పడలేదు, ఆపద్ధర్మ ప్రభుత్వంతోనే బండి నడిచింది, స్కూళ్ళు, ఆసుపత్రులు నడిచాయి, ఎవరూ ఎవర్నీ చంపుకోలేదు.

అయితే ప్రజాస్వామ్యం వచ్చేస్తే చాలు అనుకునేవాళ్ళకి మాలీ గ్రాఫ్ చూపించాలి. 1992 నుంచి ఇరవై ఏళ్ళు ఆఫ్రికాలో మంచి ఉదాహరణ అని అందరూ పొగిడిన దేశం, 2012 మార్చిలో ఎన్నికలు ఇంకో నెల ఉన్నాయనగా సైనికులు తిరుగుబాటు చేశారు. ఉత్తరాన తిరుగుబాటుదారుల చేతికి లిబియా నుంచి వచ్చిన ఆయుధాలు, వాళ్ళతో పోరాడే సైనికుల్లో అసంతృప్తి, ఇవేవీ ప్రజాస్వామ్యం స్కోరులో ముందుగా కనపడవు. ట్యునీషియా గీత కూడా 2011 తర్వాత ఎంత ఆశగా లేచిందో, 2021 జులైలో అధ్యక్షుడు పార్లమెంటుని ఆపేశాక అంత బాధగా పడింది. ఆ గీత చూస్తే నాకు నిజంగానే మనసు కలుక్కుమంటుంది.

ఇలాగే దేశాలకి ప్రజాస్వామ్యం మార్కులు వేసే పాత డేటాసెట్ పాలిటీతో పోలిస్తే వి-డెమ్ ఎందుకు మేలో చెప్పాలి, ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. పాలిటీలో స్కోరు మైనస్ 10 (పూర్తి నియంతృత్వం) నుంచి ప్లస్ 10 (పూర్తి ప్రజాస్వామ్యం). దాన్ని వాడి 2001లో వచ్చిన ఒక పేరున్న పరిశోధన, పూర్తి నియంతృత్వంలోనూ పూర్తి ప్రజాస్వామ్యంలోనూ అంతర్యుద్ధాలు తక్కువ, మధ్యలో ఉన్న సగంసగం దేశాల్లోనే ఎక్కువ అని చెప్పింది. ఇప్పటికీ అందరూ ఇదే చెప్తారు. కానీ 2008లో ఇంకో పరిశోధకుడు పట్టుకున్నదేంటంటే, పాలిటీలో ఆ మధ్య స్కోరు ఇచ్చే పద్ధతిలోనే రాజకీయ హింస కలిసిపోయి ఉంది, అంటే హింస ఉందని మధ్యలో పెట్టి, మధ్యలో ఉన్నవాళ్ళలో హింస ఉంది అని తేల్చినట్టయింది, ఆ భాగాలు తీసేస్తే ఫలితం నిలబడలేదు. వి-డెమ్‌లో అన్నీ విడివిడిగా ఉంటాయి కాబట్టి ఏది దేనితో కలుస్తోందో మనమే విడదీసి చూసుకోవచ్చు. నాకు ఇదే అన్నిటికంటే పెద్ద ప్లస్ పాయింట్.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మార్కులు వేసేది మనుషులే, వాళ్ళ మూడ్ స్కోర్లలోకి వస్తోందా అనే చర్చ పరిశోధకుల్లోనే గట్టిగా నడుస్తోంది, అధికార పార్టీ ఓడిపోవడం లాంటి కళ్ళకి కనపడే లెక్కలు తీసుకుంటే ప్రపంచంలో ప్రజాస్వామ్యం వి-డెమ్ చూపించినంతగా తగ్గినట్టు లేదని కొందరు రాశారు. 2021 రిపోర్టులో భారత్‌ని ఎన్నికల నిరంకుశత్వం (ఎన్నికలు జరుగుతాయి గానీ స్వేచ్ఛగా, న్యాయంగా కాదు) అనే గుంపులో వేసినప్పుడు ఎంత రగడ అయిందో తెలిసిందే, మన ప్రభుత్వం ఒప్పుకోలేదు కూడా. అలాంటప్పుడు గుంపు పేరు పట్టుకుని కొట్టుకోకుండా కింద ఏ ప్రశ్నలో మార్కు తగ్గిందో తెరిచి చూస్తే వాదన పనికొచ్చేలా ఉంటుంది. ఇంకోటి, స్థిరత్వం అనే స్కోరు ఒకటి ఇందులో వెతక్కండి. యుద్ధాలు, చావుల లెక్క కోసం స్వీడన్‌లోనే ఉన్న ఉప్సలా యూనివర్సిటీ వాళ్ళ యూసీడీపీ (ఉప్సలా కాన్‌ఫ్లిక్ట్ డేటా ప్రోగ్రామ్) సైట్ కూడా పక్కన తెరవాలి, అదీ ఫ్రీనే, ఏడాదికి 25 మంది పోరులో చనిపోతే అక్కడ లెక్కలోకి వస్తుంది.

కొత్తగా వాడేవాళ్ళు ఏడాదేడాది రిపోర్టుతో మొదలుపెట్టకండి, అందులో ర్యాంకులు చూసి కోపమో గర్వమో తెచ్చుకుని ఆగిపోతారు. గ్రాఫ్‌తో మొదలుపెట్టి, ఒక్క దేశానికి ఎన్నికల శుభ్రత, ప్రభుత్వ హింస నుంచి స్వేచ్ఛ, ఈ రెండు గీతలు కనీసం యాభై ఏళ్ళకి గీసుకోండి. సైటంతా ఇంగ్లీషే, వివరణలు కూడా పరిశోధకుల భాషలో ఉంటాయి, అందుకే ఐదుకి నాలుగిస్తున్నా. కాలేజీలో పాలిటిక్స్ చెప్పే మాస్టార్లు ఎవరైనా ఆ ప్రశ్నల్ని తెలుగులో పెట్టి పిల్లలకిస్తే ఆ ఐదోది కూడా ఇచ్చేస్తా.